పావంగుళం ఎక్కువ

బులావన్
4 జులై 1983, సోమవారం

సెందోంగ్ అన్నయ్యకు,

నువ్వు ఆరు వారాల్లో రెండున్నర అంగుళాలు పెరిగావని ఈ రోజు పొద్దున్నే తెలిసింది.

పాసింగ్ అత్త కొడుకు మనీలా నుంచి వస్తూ మీ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటల పుస్తకం తెచ్చాడు. పన్నెండో పేజీలో ఉన్నావు: రోసెండో బర్రమెడా, గార్డ్, మొదటి సంవత్సరం, ఐదడుగుల ఏడంగుళాలు. అత్త కొట్లో ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళంతా ఉప్పు మరిచిపోయి పుస్తకం చూశారు. అమ్మ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. పోయిన మే నెలలో నువ్వు బస్సెక్కే ముందు నాన్న నిన్ను గుమ్మానికి ఆనించి కొలిస్తే ఐదడుగుల నాలుగున్నరే వచ్చింది కదా. నాన్న కొలత తప్పదు. ఈ ఊళ్ళో చనిపోయిన ప్రతివాళ్ళూ నాన్న కొలతను నమ్మే పెట్టెలో పడుకున్నారు.

అందుకని పుస్తకం తీసుకెళ్ళి నాన్నకు చూపించాను. నాన్న అప్పుడు పెద్ద వంతెన దగ్గరి ముసలాయన శవపెట్టెకు చిత్రిక పడుతున్నాడు. పేజీ చూసి, వెనక్కి తిప్పి చూసి, "ఈ అచ్చు వేసినవాడి దగ్గర టేపు లేనట్టుంది" అని మళ్ళీ పనిలో పడ్డాడు. నాన్న సంగతి నీకు తెలుసు, దేనికీ వెంటనే సంతోషపడడు.

అమ్మ మాత్రం అప్పుడే నీకు రెండు ప్యాంట్లు కత్తిరించింది, కొత్త పొడుగుకు.

నేను రోజుకు పది కొత్త మాటలు నేర్చుకుంటున్నాను. మా పంతులమ్మ తన నిఘంటువు ఇంటికి ఇచ్చింది. నిన్నటి వాటిలో 'మహోన్నతం' ఒకటి. దాన్ని ఎక్కడ వాడాలా అని చూస్తున్నాను, ఇంతలో నువ్వు పెరిగావు.

ఏం తింటున్నావో రాయి. నీ ఉత్తరాలన్నీ ఎప్పటిలాగే కొట్లో చదువుతాను. ఈసారి పెద్దగా చదువుతాను.

నీ మహోన్నతమైన అన్నతనానికి గర్విస్తూ,
నిలా

*

మనీలా
19 జులై 1983

నిలాకు, అమ్మకూ నాన్నకూ, పాసింగ్ అత్తకూ, కొట్లో బెంచీ మీద కూర్చున్న అందరికీ,

బాగున్నాను. మూడు పూటలా అన్నమే. చేప మాత్రం సముద్రాన్ని చూసి చాలా రోజులైన చేప.

ఎత్తు సంగతి అడిగారు. మా ఎత్తు చూసుకోవడానికి ఇక్కడ ఆఫీసులో మనిషి ఉన్నాడు, టోలెడో గారని. చాలా ఉదారుడు. వచ్చిన మూడో రోజు నన్ను పిలిచి ఎంత అని అడిగాడు. ఐదడుగుల నాలుగున్నర అన్నాను. మా పోటీల్లో అందరికంటే పొట్టివాడు వేరే కాలేజీలో ఉన్నాడట, ఐదడుగుల ఆరు. ఆ పేరు వాళ్ళకే ఉండాలి, మనకు రాకూడదు అన్నాడు. ఆ సాయంత్రానికి నేను ఏడు అయ్యాను. నొప్పేమీ లేదు.

నా గదిలో ఉండేవాడు ఆంబ్రోసియో, ఆరడుగుల ఐదు. వాడి కాళ్ళు మంచం దాటి బయటికి వస్తాయి, నేను వాటికి తువ్వాలు ఆరేస్తాను. సాధన ఆటలో వాడు నన్ను ఆపాలి. నేను బంతిని నేలకు అతుక్కున్నట్టు ఆడిస్తాను. వాడు అంత దూరం వంగి వచ్చేసరికి నేను వాడి వెనక ఉంటాను. "ఒరేయ్, ఏదో ఒక రోజు నిన్ను తొక్కేస్తాను, కావాలని మాత్రం కాదు" అంటాడు.

అమ్మా, ప్యాంట్లు ఇప్పుడే కుట్టకు. టోలెడో గారి మనసు ఇంకా ఎంత పెద్దదో తెలియదు.

మీ
సెందోంగ్

*

బులావన్
8 జనవరి 1984, ఆదివారం

అన్నయ్యా,

నీ జులై ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకున్నారు. "నొప్పేమీ లేదు" అన్న దగ్గర అమ్మ ప్రతిసారీ ఏడ్చింది. టోలెడో గారు ఇచ్చింది మాత్రా, నూనా అని అందరూ అడుగుతున్నారు. చేపల మార్కెట్ డోరిస్ తన కొడుకును కూడా పంపుతానంటోంది. నువ్వు రాసిందాన్ని బట్టి అది సాయంత్రంలోపే పనిచేసింది కాబట్టి నూనె అయి ఉండదని నేను చెప్పాను. ఈ పొట్లంలో పిలి గింజల మిఠాయి టోలెడో గారికి. విప్పి తినకు.

కొత్త సంవత్సరం గంటలు మోగగానే పిల్లలంతా పొడుగవ్వాలని ఎగిరారు. నీ బదులు అమ్మ ఎగిరింది, నీ పాత చొక్కా చేత్తో పట్టుకుని పన్నెండుసార్లు. తర్వాత రెండు రోజులు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు. "పైకి ఎగిరితే పెరిగేది పిల్లలు. నువ్వెగిరితే మేడ పలకలు ఊడతాయి" అన్నాడు నాన్న. పలకలు బిగించాడు కూడా, నిజంగానే రెండు ఊడాయి.

ప్యాంట్లు ఇప్పుడే కుట్టవద్దన్నావని అమ్మ ఇంకో అంగుళం పెంచి కుట్టింది. మొత్తం నాలుగు.

మా బడి పత్రికలో నీ గురించి వ్యాసం రాశాను. 'కొబ్బరి చెట్టు నీడలో పుట్టి కొబ్బరి చెట్టుతో పోటీ పడినవాడు' అని మొదలవుతుంది. పంతులమ్మ 'పోటీ' కింద గీత గీసి, కొంచెం ఎక్కువైంది అని రాసింది. కొబ్బరి చెట్టును తగ్గించాలా నిన్ను తగ్గించాలా అని రెండు రోజులు ఆలోచించి, ఏదీ తగ్గించలేదు.

సెలవుల్లో వస్తావని నాన్న టేపుకు నూనె రాసి పెట్టాడు. ఎందుకు రాలేదు?

నీ
నిలా

*

మనీలా
14 అక్టోబర్ 1985

నిలా,

మేము గెలిచాం. రేడియోలో విని ఉంటారు. రేడియో చెప్పనిది నేను చెబుతాను.

తొమ్మిది సెకన్లు ఉన్నాయి, ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతిలో. నా ఎదురుగా ఆరడుగుల మూడు వాడు గోడలా నిలబడ్డాడు. వాడి తల మీంచి బంతి విసరాలంటే నాకు నిచ్చెన కావాలి. కాళ్ళ మధ్య ఖాళీ మాత్రం మన ఇంటి తలుపంత ఉంది. అందులోంచి బంతిని నేల మీద కొట్టి పంపాను. అవతల ఆంబ్రోసియో ఉన్నాడు. వాడు చేయి ఎత్తి బంతిని రింగులో పెట్టాడు, అలమరలో గిన్నె పెట్టినట్టు. జనం నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. రెండేళ్ళలో నేను నిజంగా పొడుగ్గా ఉన్నది ఆ ఐదు నిమిషాలే.

ఇక అసలు సంగతి. నేను పెరగలేదు. టోలెడో గారు ఏటా పుస్తకంలో అర అంగుళం పెంచుతున్నాడు, అంతే. ఇప్పుడు ఎనిమిది. అమ్మ పంపిన ప్యాంట్ల కాళ్ళు మూడు మడతలు పెడితే తప్ప నడవలేను. ఒకటి ఆంబ్రోసియోకు ఇచ్చాను, వాడికి అది మోకాళ్ళ కిందికి వచ్చింది. ఇద్దరికీ సరిపడనంత మధ్యరకం పొడుగు అమ్మ ఎలా కనిపెట్టిందో.

ప్రతి సెలవుకూ రాకుండా సాకులు చెబుతున్నది నాన్న టేపుకు భయపడే. వస్తే గుమ్మం దగ్గర నిలబెడతాడు. పెరగలేదని అమ్మకు తెలుస్తుంది. ఆవిడ మోకాళ్ళు పట్టేసింది నా కోసమే కదా. నీకు చెబితే తేలికవుతుందని రాస్తున్నాను.

సెందోంగ్

తా.క. ఈ ఉత్తరం కొట్లో చదవకు.

*

బులావన్
27 నవంబర్ 1985

అన్నయ్యా,

నీ తాజా కలాన్ని పై వరుసలో రాసి ఉండాల్సింది.

గెలిచిన ఉత్తరం కదా అని ఊళ్ళో సగం మంది వచ్చారు. డోరిస్ రొట్టెలు తెచ్చింది. నేను బల్ల మీద నిలబడి చదివాను. నువ్వు పెరగలేదన్న మాట వచ్చేసరికి నా నోరు ఆగింది, కానీ అప్పటికే వినపడిపోయింది. ఆ తర్వాతంతా తప్పక చదివాను. చివర కొట్లో చదవవద్దన్న మాట కూడా కొట్లోనే చదివాను.

నువ్వు భయపడ్డట్టు ఏమీ జరగలేదు. నేను బల్ల దిగగానే పాసింగ్ అత్త కళ్ళు తుడుచుకుని, "చూశారా, గెలిచినవాడు ఎలా మాట్లాడతాడో. గర్వం అన్నది లేదు" అంది. అందరూ అవునన్నారు. పాదిరీ గారు ఆదివారం ప్రసంగంలో నీ వినయం గురించి చెప్పారు. అచ్చులో ఉన్న ఎనిమిదంగుళాలను తనకు తాను తగ్గించుకున్న యువకుడు అన్నారు. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. ప్యాంట్ల సంగతి మాత్రం ఆవిడ నమ్మింది. నువ్వు చిక్కిపోయావని, నడుము దగ్గర జారడం వల్లే కాళ్ళు పొడుగయ్యాయని తేల్చింది.

నాన్న మాత్రం గుమ్మం దగ్గరికి వెళ్ళి నీ పాత గీత మీది దుమ్ము తుడిచి వచ్చాడు.

నాకు ఏది నమ్మాలో తెలియలేదు అన్నయ్యా. నిజం చెప్పాలంటే, వినయం అన్నదే బాగా రాయడానికి వీలుగా ఉంది. జిల్లా వ్యాసాల పోటీకి దాని మీదే రాశాను. 'ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి ఐదడుగుల నాలుగున్నరగా బతకడంలోనే అసలైన ఎత్తు ఉంది' అన్నది చివరి వాక్యం. మొదటి బహుమతి వచ్చింది. నాగా నగరం పత్రికలో నా పేరుతో వేశారు. పత్రిక ఒకటి మీ కాలేజీ ఆఫీసుకు కూడా పంపాను, దాచిపెట్టుకుంటారని.

నీ
నిలా

*

మనీలా
20 ఏప్రిల్ 1987

నిలా, ఇంకా వింటున్న అందరూ,

నన్ను వృత్తి ఆటగాడిగా తీసుకున్నారు. దాగత్ సార్డీన్స్ అనే డబ్బా చేపల కంపెనీ జట్టు. అందరికంటే చివర పిలిచారు, కానీ పిలిచారు. నా పేరు చదివినవాడు తరువాతి పేరు కోసం కాగితం తిప్పాడు. వెనక ఏమీ లేదు.

ముందు అందరినీ కొలిచారు. అది చూడవలసిన తమాషా. మనిషి పొద్దున్న లేచినప్పుడు కాస్త పొడుగ్గా ఉంటాడు, నడిచేకొద్దీ, కూర్చునేకొద్దీ తగ్గుతాడు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అందుకని ఇరవై నాలుగు మంది బలమైన కుర్రాళ్ళం ఉదయం ఆరింటికి బెంచీల మీద వెల్లకిలా పడుకుని, పిలిచే దాకా కదలకుండా ఉన్నాం. ఆసుపత్రి అనుకుని ఒక ముసలావిడ లోపలికి వచ్చి, దండం పెట్టుకుని వెళ్ళింది. నా వంతు రాగానే ఆంబ్రోసియో నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళి కోల పక్కన నిలబెట్టాడు. ఎంత వచ్చిందో నేను చూడలేదు. తల ఎత్తి చూస్తే కొలత తగ్గుతుందన్నారు.

కొలిచినవాడు కోల వంక చూశాడు, కాగితాల వంక చూశాడు. కాగితాల్లో నీ వ్యాసం ఉంది, టోలెడో గారు జాగ్రత్తగా కుట్టి పంపాడు. కొలిచినవాడు అది మొత్తం చదివి, "నీ చెల్లెలు బాగా రాస్తుంది. నువ్వు తక్కువ చేసి చెప్పే రకమన్నమాట" అని ఐదడుగుల తొమ్మిది వేశాడు.

నేనేమీ అనలేదు. అంటే వినయం అనుకుంటారు.

సెందోంగ్

*

నాగా నగరం
11 జనవరి 1988

అన్నయ్యా,

నేను ఉపాధ్యాయ కళాశాలలో చేరాక మొదటి ఉత్తరం ఇది. బ్యాంకు వెనక సందులో మిసెస్ పలోమా గారి ఇంట్లో గది. ఆవిడకు నెలనెలా బియ్యం ఇంటి నుంచే తెచ్చిస్తాం. ఇక్కడ ఉత్తరాలు బయటికి చదివే అలవాటు లేదు. అది ముందే చెబుతున్నాను.

పండక్కి ఇంటికి వెళితే ప్రతి ఇంట్లోనూ నువ్వే. దాగత్ వాళ్ళ క్యాలెండరు, ఆగస్టు నెల. ఒక చేతిలో బంతి, ఒక చేతిలో చేపల డబ్బా, పక్కనున్న మనిషి చెవి దాకా ఉన్నావు. అమ్మ దాన్ని జనవరిలోనే ఆగస్టుకు తిప్పి పెట్టింది. తేదీలు పాసింగ్ అత్త ఇంటికి వెళ్ళి చూసుకుంటున్నారు.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. "అందరి బూట్లూ గడ్డిలో మునిగాయి. వీడి బూట్లు గడ్డి మీద ఉన్నాయి. కింద పెట్టె ఉంది" అన్నాడు. అమ్మ వంటింట్లోంచే, "ఉంటే ఉంది. వాడు నిలబడ్డాడుగా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అమ్మకు ఎప్పటి నుంచి తెలుసు? నాకు పందొమ్మిది వచ్చాయి అన్నయ్యా. మన ఊళ్ళో అందరికంటే ఎక్కువ మాటలు నాకే తెలుసు, అందరికంటే చివర తెలుసుకున్నది కూడా నేనేనేమో. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయి. నేనే చదువుతాను, లోపలే.

నిలా

*

మనీలా
2 మార్చి 1988

నిలా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పెట్టె నిజమే. దాగత్ వాళ్ళదే, నలభై ఎనిమిది డబ్బాలు పట్టేది. నువ్వు బల్ల మీద నిలబడి చదివిన ఉత్తరం కూడా నిజమే.

ఇంకో నిజం. నిన్న నన్ను జట్టులోంచి తీసేశారు. కొత్త కోచ్ వచ్చాడు. గార్డులు కూడా ఆరడుగులు ఉండాలట. "నువ్వు మంచి ఆటగాడివి, కానీ ఐదడుగుల తొమ్మిది నాకు చాలదు" అన్నాడు. నాకు లేని ఎత్తు చాలలేదని తీసేశారు. అసలు ఎత్తు చెప్పి ఉంటే ఏ మాట వాడేవాడో ఆలోచిస్తున్నాను. నీ నిఘంటువులో ఏమైనా ఉందా?

ఏడాదంతా ఆటకు నాలుగు నిమిషాలు ఆడాను. నేను లేవగానే జనం నవ్వేవారు, రెండో నిమిషానికి నవ్వు ఆగేది, నాలుగో నిమిషానికి కోచ్ పిలిచేవాడు. ఆ మధ్యలో ఉన్న రెండు నిమిషాలే నా ఉద్యోగం. మరో పని నాకు రాదు నిలా. నాన్న దగ్గర ఉలి పట్టుకోవడం కూడా నేర్చుకోలేదు. బంతి చేతిలో ఉన్నంతసేపు నాకు ఎత్తే గుర్తుండదు. ఇంకో జట్టు దొరక్కపోతే ఏం చేయాలో తెలియడం లేదు.

నీ మీద కోపం లేదు. వ్యాసం బాగుంది. నాలుగుసార్లు చదివాను.

సెందోంగ్

*

నాగా నగరం
20 ఏప్రిల్ 1988

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. ఎందుకో చెబుతాను.

పొట్టివాళ్ళకు లీగ్ పెడుతున్నారు. మన బికోల్ ప్రాంతానికి కూడా ఒక జట్టు, మూడేళ్ళ ఒప్పందం, గార్డుగా ఆడుతూ జట్టును నడిపే మనిషి కావాలట. షరతు ఒక్కటే, ఐదడుగుల ఐదంగుళాలు దాటకూడదు. గోడ మీద ఆ కాగితం చూసి పరీక్ష ఎగ్గొట్టి బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫీసుకు పరుగెత్తాను.

కార్యదర్శి మిసెస్ ఒలివెరోస్ గారు నీ పేరు వినగానే సంతోషంగా లేచి నిలబడింది. తర్వాత గోడ వంక చూసింది. గోడ మీద ఆగస్టు నెల. "పాపం, చాలా పొడుగు" అంది. అది బొమ్మ మాత్రమేనని, నీ కాళ్ళ కింద పెట్టె ఉందని చెప్పాను. ఆవిడ బీరువాలోంచి ఒక కాగితం తీసింది. నా వ్యాసం. 'ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి' అన్న చోట ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. "ఇది రాసింది ఎవరో గానీ మనిషిని దగ్గరగా చూసినవాళ్ళే" అంది.

రాసింది నేనేనని చెప్పాను. అబద్ధం రాశానని కూడా చెప్పాను. ఎందుకు రాశావని అడిగితే, వాక్యం బాగా వచ్చిందని చెప్పాను. జీవితంలో నేను చెప్పిన అన్ని జవాబుల్లోకీ అదే సిగ్గుచేటు.

ఆవిడ కాగితం మళ్ళీ బీరువాలో పెట్టి, సరే, మే పద్నాలుగున తొమ్మిదింటికి వ్యాయామశాలలో అందరి ముందూ కొలుస్తాం, అప్పుడు వచ్చిందే లెక్క అంది. మే రెండో వారంలో ఆటగాళ్ళ ఎంపిక అయిపోతుంది, కొలత ఆఖరిది. మళ్ళీ అవకాశం ఉండదు.

ఇంకో సంగతి. పోయినేడు వేరే పోటీలకు కొలిచిన రోజున ప్రతి ఊరివాళ్ళూ తమ టేపే సరైనదని గొడవపడ్డారట. ఈసారి అందరూ ఒప్పుకునే మనిషి కావాలని ఆవిడ పాదిరీలను అడిగిందట. ఈ చుట్టుపక్కల ముగ్గురు పెద్ద పాదిరీలకు నాన్నే పెట్టెలు చేశాడు కదా. ఒక్కరి మోకాలూ మడవాల్సి రాలేదట. అందుకని నాన్నను పిలిచారు. కొడుకు కూడా వరుసలో ఉన్నాడని చెబితే, "ఆయన గురించి విన్నాను. కొడుకైతే ఇంకా జాగ్రత్తగా కొలుస్తాడు" అంది.

నువ్వు ఐదడుగుల నాలుగున్నర. అర అంగుళం మిగులు. జీవితంలో మొదటిసారి నీ ఎత్తు సరిగ్గా సరిపోయింది. నేను రాసినదాన్ని నాన్న టేపు కొట్టేస్తుంది. అంతే చాలు.

నిలా

*

బులావన్
13 మే 1988, శుక్రవారం

నిలా,

ఈ ఉత్తరం మూడు గంటల బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. సాయంత్రానికి నీకు అందాలి. అందినట్టు వాడి చేత చెప్పించు.

మొన్న ఇంటికి వచ్చాను. ఐదేళ్ళ తర్వాత. అమ్మ నన్ను చూసి, కాళ్ళ దగ్గర కూర్చుని ప్యాంటు మడతలు విప్పి, కొలిచి, మూడంగుళాలు కత్తిరించింది. "ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను. "రెండోసారి పంపినప్పుడు. మొదటివి చిరిగాయని రాయలేదు. వేసుకుంటే చిరుగుతాయిగా" అంది. మరి తర్వాతవి ఎందుకు కుట్టావంటే, ఊళ్ళో అందరూ కొట్లో కూర్చుని వింటుంటే కుట్టకపోతే బాగుండదు అంది.

నిన్న పొద్దున్న మంచం దిగగానే నాన్న గుమ్మం దగ్గరికి రమ్మన్నాడు. నేను ధైర్యంగానే వెళ్ళాను. టేపు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. బల్ల మీద పెన్సిలు తీసుకుని గీత గీసి, పాత గీతకూ దీనికీ మధ్య వేలు పెట్టి చూశాడు.

"ఐదు, ఐదుం పావు" అన్నాడు.

నేను పెరిగాను నిలా. ముప్పావు అంగుళం. టోలెడో గారు కాదు, దాగత్ వాళ్ళు కాదు, నేనే, ఎవరికీ తెలియకుండా పెరిగాను. ఐదేళ్ళు ఊరంతా నేను పెరిగానని నమ్మితే నేనొక్కణ్ణే నమ్మలేదు. అమ్మ వచ్చి రెండు గీతలూ చూసి, తన మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, "పన్నెండుసార్లు ఎగిరానుగా" అంది. ఆవిడ ముఖం నువ్వు చూడాల్సింది.

పరిమితి ఐదడుగుల ఐదు. ఒక గీత కూడా దాటకూడదు. పావంగుళం ఎక్కువ.

కొంచెం వంగి నిలబడతానన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. నా టేపు ముందు ఎవడు వంగినా నిలబెట్టి కొలుస్తాను, నువ్వైనా అంతే అన్నాడు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. పొడుగు లేక ఒక ఉద్యోగం పోయింది, పొడుగై ఇంకోటి పోతోంది. ఈ రెంటికీ మధ్య తేడా ముప్పావు అంగుళం. రేపటితో ఆట అయిపోయిందనే అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది, కానీ రెండు నిమిషాలు నిలవలేదు.

సాయంత్రం కొబ్బరి కాయలు దింపించి, బస్తాలు పాసింగ్ అత్త కొట్టు దాకా నేనే మోశాను. ఊరికే కూర్చోలేక. తిరిగొచ్చాక నాన్న మళ్ళీ గుమ్మం దగ్గరికి పిలిచాడు. కొలిచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి కొలిచాడు. ఐదు, ఐదు మీద సన్న గీత.

తర్వాత పెట్టె మీద కూర్చుని చెప్పాడు. ఆయన చెప్పిన మాటలే రాస్తున్నాను.

"చెక్క కూడా అంతే రా. వానకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. అందుకని చెక్క అబద్ధమాడుతుందని ఎవడూ అనడు. కొలిచిన వేళకు ఎంత ఉంటే అంత. నా టేపు ఆ వేళకు ఉన్నదే చెబుతుంది. అంతకు ముందు నువ్వు ఏం చేశావో టేపుకు అనవసరం."

టేపు చుడుతూ, నీ చెల్లెలి ఇంటావిడకు ఈ నెల బియ్యం ఎలాగూ ఇవ్వాలి, ఎవరో ఒకరు మోయాలి కదా అన్నాడు.

ఐదేళ్ళు పొడుగవడం కోసం వెల్లకిలా పడుకున్నాను, బస్సుల్లో మెడ చాచి కూర్చున్నాను, ఆంబ్రోసియో చేత ఎత్తించుకున్నాను. ఇప్పుడు తగ్గడం కోసం నాన్న నాకు బియ్యం బస్తా ఎత్తుతున్నాడు, ఆ నాన్నే టేపు పట్టుకుంటాడు, సన్న గీత ఒక్కటి ఎక్కువ వచ్చినా అందరి ముందూ పైకి చదువుతాడు. నాకు తెలుసు. ఆయన కూడా భయపడుతున్నాడు. పొద్దుటి నుంచి టేపు మూడుసార్లు తుడిచాడు.

రేపటి ఏర్పాటు ఇది. నాలుగున్నర బస్సుకు నాన్నా నేనూ బయలుదేరతాం. కూర్చోను, నాగా దాకా నిలబడే వస్తాను. ఊరికి ముందు వంతెన దగ్గర దిగిపోతాం. అక్కడి నుంచి యాభై కిలోల బస్తా నా తల మీద, నాన్న పక్కన నడుస్తాడు. మీ ఇంటావిడ గుమ్మంలో బస్తా దించి, అటు నుంచి అటే వ్యాయామశాలకు. మిసెస్ పలోమా గారు కాఫీ తాగమంటే నువ్వు ఆపు. కూర్చోబెడుతుంది.

నాన్న చదివే కొలతలు రాయడానికి మనిషి కావాలట. నిన్నే పెట్టమని ఒలివెరోస్ గారికి కబురు చేశాడు. నీకు చెప్పమన్నది ఇదీ: నా పేరు ఎదురుగా అంకె ఎంత వస్తే అంతే రాయాలి, దానికి ముందుగానీ వెనకగానీ ఒక్క మాట కలపకూడదు.

ఎనిమిదిన్నరకల్లా పెన్సిలు చెక్కుకుని గుమ్మంలో ఉండు. మేము నడిచే వస్తాం.

సెందోంగ్